ప్రశ్న – జవాబు: హెచ్‌ఐవి సంగతి ఎవరు చెబితే వింటారు?

గత సంచికలో ఈ శీర్షిక కింద, అమెరికాలోని నల్లజాతి స్వలింగ సంపర్క పురుషుల్లో హెచ్‌ఐవి ఎంత ఎక్కువగా ఉన్నదీ, వారు సొంత సంఘాలు పెట్టుకుని దాన్ని ఎలా ఎదుర్కొంటున్నదీ నాలుగు వాక్యాల్లో ప్రస్తావించాను. ఆ నాలుగు వాక్యాలకు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చినన్ని ఉత్తరాలు ఇటీవల మరే విషయానికీ రాలేదు. కొందరు కోప్పడ్డారు, ఎక్కువ మంది మాత్రం ఎవరినీ అడగలేని సంగతులు అడిగారు. అందుకని ఈసారి స్థలమంతా ఆ ఉత్తరాలకే కేటాయించాను. పేర్లు, మనిషిని గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు తీసేసి, ప్రశ్నలను కుదించి వేస్తున్నాం.

ప్రశ్న: అమెరికాలో ప్రతి ఇద్దరు నల్లజాతి స్వలింగ సంపర్కుల్లో ఒకరికి హెచ్‌ఐవి వస్తుందని రాశారు. అంత గొప్ప ఆసుపత్రులున్న దేశంలో కూడా ఇలా జరిగిందంటే వారి నడవడిలోనే లోపం ఉన్నట్టు కాదా? అయినా ఆ సంగతి ఇక్కడ కూర్చుని చదివే మాకెందుకు?
— విశ్రాంత ప్రధానోపాధ్యాయులు, బొబ్బిలి

జవాబు: మాస్టారూ, మీ రెండో ప్రశ్నకు జవాబు మొదటిదానిలోనే ఉంది. ముందుగా ఆ లెక్క ఏమిటో సరిగ్గా చెప్పుకోవాలి. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2016 ఫిబ్రవరిలో ఇచ్చిన అంచనా అది. అప్పటి వేగంతోనే కొత్త కేసులు వస్తూ పోతే, నల్లజాతి గే (మగవారినే ఇష్టపడే), బైసెక్సువల్ (ఆడవారినీ మగవారినీ ఇష్టపడే) పురుషుల్లో ప్రతి ఇద్దరిలో ఒకరికి జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు హెచ్‌ఐవి నిర్ధారణ అవుతుందని దాని సారాంశం. ఇప్పటికే సగం మందికి ఉందని కాదు. అదే లెక్కలో లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్న) పురుషులకు నలుగురిలో ఒకరని, తెల్లజాతి గే పురుషులకు 11 మందిలో ఒకరని తేలింది. ముగ్గురూ ఒకే దేశంలో, ఒకే రకం సంబంధాల్లో ఉన్నవారే అయినప్పుడు ఇంత తేడా ఎందుకు రావాలి?

మీకు వచ్చిన అనుమానం అక్కడి పరిశోధకులకూ వచ్చింది. గ్రెగోరియో మిలెట్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను ఒకచోట చేర్చి 2006 నుంచి 2012 మధ్య వరుసగా విశ్లేషణలు ప్రచురించారు. నల్లజాతి పురుషులు తెల్లవారి కన్నా ఎక్కువ మందితో సంబంధాలు పెట్టుకోవడం లేదని, కండోమ్ వాడకంలో వెనకబడి లేరని, మాదకద్రవ్యాల వాడకం వారిలో తక్కువేనని వాటిలో తేలింది. తేడా వేరేచోట కనబడింది. వారికి ఆరోగ్య బీమా తక్కువ, ఆదాయం తక్కువ, జైలుకు వెళ్లి వచ్చినవారు ఎక్కువ. జబ్బు ఉన్న సంగతి తెలియనివారు, తెలిసినా మందులు అందనివారు ఎక్కువ. మందులు వాడని శరీరంలో వైరస్ విస్తారంగా ఉంటుంది. పైగా వారు ఎక్కువగా తమలో తామే, చిన్న వలయంలో సంబంధాలు పెట్టుకుంటారు కాబట్టి, అదే జాగ్రత్తతో మెలిగినా ఒక్కొక్కరికీ ఎదురయ్యే ప్రమాదం పెద్దది. రెండు ఊళ్లలో ఇద్దరు ఒక్కో గ్లాసు మంచినీళ్లే తాగవచ్చు. ఎవరు మంచాన పడతారన్నది ఏ ఊరి బావి పాడయిందన్నదాన్ని బట్టి ఉంటుంది తప్ప తాగినవాడి గుణాన్ని బట్టి కాదు.

దీనికి తోడు ఆసుపత్రి అంటే భయం. అది ఊరకే పుట్టలేదు. అలబామా రాష్ట్రంలోని టస్కీగీలో 1932 నుంచి 1972 దాకా ప్రభుత్వ ఆరోగ్య విభాగమే, సిఫిలిస్ ఉన్న 399 మంది నల్లజాతి పురుషులకు అసలు జబ్బేమిటో చెప్పకుండా, పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చాక కూడా ఇవ్వకుండా, రోగం ముదిరితే ఏమవుతుందో నమోదు చేస్తూ కూర్చుంది. తాతల కాలంలో అలా జరిగిన ఇంటి కుర్రాడు, సర్కారు వ్యాన్ వచ్చి రక్తం ఇమ్మంటే వెంటనే చెయ్యి చాపుతాడని ఎలా అనుకుంటాం?

ఇక మనకెందుకన్నది. 2023 అంచనాల ప్రకారం దేశంలో 25 లక్షల మందికి పైగా హెచ్‌ఐవితో జీవిస్తున్నారు. సంఖ్యలో మహారాష్ట్ర తరువాతి స్థానం మన ఆంధ్రప్రదేశ్‌దే. గర్భిణుల పరీక్షల్లో కనబడే శాతంతో పోలిస్తే, పురుషులతో సంబంధాలున్న పురుషుల్లో వ్యాప్తి పది రెట్లకు మించి ఉన్నట్టు జాతీయ నిఘా సర్వేలు చెబుతున్నాయి. వారిలో చాలామంది పెళ్లయినవారు, బిడ్డల తండ్రులు. మన బావి సంగతి మనం చూసుకోవాలి కదా, మాస్టారూ.

ప్రశ్న: నేను శ్రీకాకుళంలో ఒక టీఐ ప్రాజెక్టులో (ప్రమాదం ఎక్కువగా ఉన్నవారి మధ్య హెచ్‌ఐవి నివారణ పని చేసే ప్రాజెక్టు) పీర్ ఎడ్యుకేటర్‌ని. నేనూ మగవారితో సంబంధాలున్న ఆ వర్గం వాడినే. సాయంత్రం పూట బస్సు కాంప్లెక్సు వైపు, ఆమదాలవలస స్టేషను వైపు తిరిగి మావాళ్లను కలిసి కండోములు, జెల్ ఇచ్చి, పరీక్షకు రమ్మని చెబుతాను. ఇదివరకు అందరూ ఒకచోట దొరికేవారు. ఇప్పుడు కుర్రాళ్లంతా ఫోన్లోనే కలుసుకుంటున్నారు, నాకు కనబడరు. పైవాళ్లు మాత్రం రిజిస్టరులో సంఖ్యలే అడుగుతారు. అమెరికాలో మాలాంటివాళ్లు చేసే పని ఇంతకన్నా వేరుగా ఉంటుందా?

జవాబు: తమ్ముడూ, పుట్టుకలో వేరు కాదు, పెంపకంలో కొంత వేరు. అక్కడ 1981 జూన్‌లో లాస్ ఏంజెలెస్‌లోని ఐదుగురు యువకుల జబ్బు గురించి తొలి నివేదిక వచ్చింది. మరుసటి ఏడాదే న్యూయార్క్‌లో గే పురుషులు తమకు తాముగా ‘గే మెన్స్ హెల్త్ క్రైసిస్’ అనే సంస్థ పెట్టుకున్నారు. అయితే తొలినాళ్ల సంఘాల్లో తెల్లవారే ఎక్కువ. వారి కరపత్రాల్లోని బొమ్మలు, భాష, సమావేశాలు జరిగే పేటలు అన్నీ వారివే. నల్లజాతి కుర్రాడు వాటిని చదివి ‘ఇది నా జబ్బు కాదు’ అనుకున్నాడు. అందుకే నల్లజాతి గే పురుషులు విడిగా తమ సంఘాలు కట్టుకోవలసి వచ్చింది.

వారు రూపొందించుకున్న పద్ధతుల్లో ఒకటి ‘మెనీ మెన్, మెనీ వాయిసెస్’. చిన్న బృందంగా కూర్చుని, ఏడు విడతలుగా మాట్లాడుకుంటారు, నడిపేవారూ వారిలోనివారే. కండోము సంగతి మొదటి రోజే రాదు. ముందు ఇల్లు, చర్చి, చర్మం రంగు, మగతనం గురించి చుట్టాలు అనే మాటలు, వాటిని మింగుకుంటూ పెరిగిన తీరు మాట్లాడుకుంటారు. ఆ తరువాతే జబ్బులు, భాగస్వామితో ‘వాడదాం’ అని ఎలా చెప్పాలన్నది. న్యూయార్క్‌లో దీన్ని పరీక్షించి చూసినప్పుడు, పాల్గొన్నవారిలో పరిచయం లేని భాగస్వాములతో కండోము లేని కలయికలు తగ్గాయని, హెచ్‌ఐవి పరీక్షలు పెరిగాయని 2009లో ప్రచురించారు. ఇంకొకటి ‘డి-అప్’. నార్త్ కరొలైనాలో మొదలైన ఈ పద్ధతిలో కుర్రాళ్ల జట్లలో ఎవరి మాటకు విలువుందో వెతికి పట్టుకుని, వారికి శిక్షణ ఇచ్చి, మామూలు కబుర్ల మధ్యనే ఈ మాట దొర్లేలా చేస్తారు. చేతిలో సంచి, మెడలో గుర్తింపు కార్డు ఏమీ ఉండవు.

మన దేశంలోనూ ఇది కొత్త కాదు. ముంబైలో హమ్‌సఫర్ ట్రస్ట్ 1994 నుంచి పనిచేస్తోంది. 2003లో గేట్స్ ఫౌండేషన్ ‘ఆవాహన్’ అనే హెచ్‌ఐవి నివారణ కార్యక్రమం మొదలుపెట్టిన రాష్ట్రాల్లో మనదీ ఒకటి. మీలాంటి పీర్ ఎడ్యుకేటర్లే ఆ పనిని భుజాన మోశారు. ఆంధ్రప్రదేశ్‌లో కేసులు తగ్గుముఖం పట్టడంలో టీవీ ప్రకటనల కన్నా, రాత్రి తొమ్మిది గంటలకు స్టేషను బయట నిలబడి, పోలీసు అదిలిస్తే పక్క సందులోకి తప్పుకుని, మళ్లీ వచ్చి నిలబడిన మనుషుల పాలే ఎక్కువని నా నమ్మకం.

రిజిస్టరు విషయంలో మీ బాధ న్యాయమైనదే. ఎన్ని కండోములు పంచారన్నది లెక్కపెట్టడం సులువు. ఒకడు పాజిటివ్ అని తెలిశాక, హెచ్‌ఐవి మందులు ఇచ్చే ఏఆర్‌టీ కేంద్రం గుమ్మం దాకా మీరు పక్కన నడిచి వెళ్లారా, మూడో నెల మందు ఆపేస్తే ఇంటికి ఫోను చేశారా అన్నది లెక్కపెట్టడం కష్టం. అమెరికాలోనూ నిధులిచ్చేవారు సంఖ్యలే అడుగుతారు, అందులో తేడా లేదు. మీ నెలవారీ సమావేశంలో ఈ ప్రశ్నే పెట్టండి: పాజిటివ్ అయినవారిలో ఎంతమంది మందు మొదలుపెట్టారు, ఏడాది తరువాత ఎంతమందికి వైరల్ లోడ్ (రక్తంలోని వైరస్ మోతాదు) అణిగింది? ఈ రెండు సంఖ్యలూ అడిగే అధికారి మీకు దొరికితే ఆయన్ను వదలకండి.

ఫోన్ల సంగతి. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం ఐదో దశలో ఆన్‌లైన్ ఔట్‌రీచ్‌కు కూడా చోటిచ్చారు. యాప్‌లో మీరు మీరుగానే ఉండండి. దొంగ ఫొటో పెట్టి పలకరించి, ఆనక కండోము గురించి ఉపన్యాసం ఇస్తే ఆ కుర్రాడు మిమ్మల్నే కాదు, మీ తరువాత వచ్చేవాడిని కూడా నమ్మడు. ప్రొఫైల్‌లోనే ‘పరీక్ష గురించి అడగవచ్చు’ అని రాసుకోండి. వేలికొన నుంచి చుక్క రక్తం తీసి చేసే పరీక్ష ఇప్పుడు మీ డ్రాప్ ఇన్ సెంటరులోనే, అంటే మీవాళ్లు వచ్చి కూర్చునే గదిలోనే, చేసే వీలుంది. అక్కడ అనుమానం వస్తే ఐసీటీసీలో (ప్రభుత్వ కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రంలో) నిర్ధారణ చేస్తారు. ఆసుపత్రి వరండాలో చుట్టాలు కనబడతారని వెనకాడేవాడు మీ గదికి వస్తాడు.

ప్రశ్న: టెక్కలి ప్రాంతంలోని ఒక క్రైస్తవ సంఘానికి పెద్దను. వాక్యానికి విరుద్ధమని మేము నమ్మేదాన్ని సమర్థించకుండా, ఈ జబ్బు ఉన్నవారికి మా సంఘం ఏమైనా చేయగలదా?

జవాబు: అయ్యగారూ, మీ నమ్మకంతో వాదానికి దిగను. హార్లెం ఆసుపత్రిలో పనిచేస్తున్న పెర్నెసా సీల్ అనే నల్లజాతి మహిళ 1989లో చుట్టుపక్కల చర్చీలను, మసీదులను కలుపుకుని ఎయిడ్స్ రోగుల కోసం ప్రార్థనా వారం మొదలుపెట్టారు. తమ సొంత సంఘం వాళ్లే మంచం మీద ఉండగా పాస్టర్లు చూడటానికి రావడం లేదన్నది ఆమెను కదిలించిన విషయం. అందులోంచి పుట్టిన ‘బామ్ ఇన్ గిలియడ్’ సంస్థ వేల చర్చీలతో పనిచేసింది. ఆ పాస్టర్లలో చాలామంది మీవంటి నమ్మకం కలవారే. వారు చేసినవి చిన్న పనులు: వేదిక మీద నుంచి జబ్బు పేరు పలకడం, ఆరాధన అయ్యాక ఆవరణలో పరీక్ష శిబిరం పెట్టి ముందుగా తామే వేలు చాపడం, రోగి ఇంటికి వెళ్లి కూర్చోవడం. మీరు మొదట అందరి ఎదుటా పరీక్ష చేయించుకుంటే, మీ తరువాత వరుసలో నిలబడేవాడిని ఎవరూ అనుమానించరు. ఒక్క విన్నపం: స్వస్థత కూటమిలో మందులు మానమని ఎవరూ చెప్పకుండా చూడండి. మందు ఆపితే వైరస్ కొద్ది వారాల్లోనే మళ్లీ పెరుగుతుంది.

ప్రశ్న: మా అబ్బాయికి హెచ్‌ఐవి అని తెలిసింది. మగవాళ్లతో స్నేహం వల్ల వచ్చిందని వాడే నాతో చెప్పి ఏడ్చాడు. వాళ్ల నాన్నకు ఇంకా తెలియదు. మా ఆడపడుచు పిల్లలు వస్తూ పోతూ ఉంటారని భయపడి వాడి కంచం, గ్లాసు వేరు పెట్టాను. వాడు ఏమీ అనలేదు గానీ సరిగ్గా తినడం మానేశాడు. ఎన్నాళ్లు బతుకుతాడు?
— ఒక తల్లి, పలాస

జవాబు: అమ్మా, ఆ కంచం ఇవాళే మిగతావాటితో కలిపేయండి. ఎంగిలి వల్ల, కలిసి తినడం వల్ల, ఒకే బాత్రూము వాడటం వల్ల, పిల్లల్ని ఎత్తుకోవడం వల్ల, దోమ కుట్టడం వల్ల హెచ్‌ఐవి రాదు. రక్తం అంటుకునే అవకాశం ఉన్న రేజరు, బ్లేడు మాత్రం ఎవరివి వారికి ఉండాలి. అది ఏ ఇంట్లోనైనా పాటించాల్సిన పద్ధతే.

ఎన్నాళ్లని అడిగారు. తొందరగా కనిపెట్టి, మందు తప్పకుండా వేసుకునేవారు ఇంచుమించు మిగతావాళ్లతో సమానంగా బతుకుతున్నారు. ఇప్పుడు ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రాల్లో ఎక్కువ మందికి ఇస్తున్నది టీఎల్‌డీ అనే మాత్ర. మూడు మందులు ఒకే మాత్రలో ఉంటాయి, రోజుకు ఒకటి, ఉచితం. మొదటి వారాల్లో కొందరికి తలనొప్పి, నిద్ర సరిగ్గా పట్టకపోవడం ఉంటుంది, క్రమంగా సర్దుకుంటుంది. క్షయ ఉందేమో కూడా చూస్తారు. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం ఉంటే దాచకుండా చెప్పమనండి.

ఇళ్లల్లో ఈ మందు సీసాకు ఏం జరుగుతుందో నాకు తెలుసు. పైనున్న కాగితం గీకేస్తారు, కదిపితే గలగలమంటుందని లోపల దూది కుక్కుతారు, బియ్యం డబ్బా వెనక దాస్తారు. చుట్టాలు ఉన్న రాత్రి డబ్బా దగ్గరకు వెళ్లడం కుదరక ఆ పూట మాత్ర తప్పిపోతుంది. మీ వాడికి ఆ అవస్థ రానివ్వకండి. అది మీ చేతిలో ఉన్న పని. మీ దేవుడి గూటిలోనో, మీ బీపీ మాత్రల పక్కనో చోటివ్వండి, రోజూ ఒకే వేళకు మీరే అందివ్వండి. తండ్రికి చెప్పడం మాత్రం అబ్బాయి ఇష్టానికి వదిలేయండి. ఆ మాట అతనిది, ఎప్పుడు చెప్పాలో అతనే తేల్చుకుంటాడు. ఏఆర్‌టీ వాడేవారికి రాష్ట్ర ప్రభుత్వ సామాజిక పింఛన్లలో ఒక తరగతి ఉంది. అర్హత సంగతి కేంద్రంలోని కౌన్సెలర్‌ను అడగండి.

ప్రశ్న: మాది విజయనగరం దగ్గర పల్లె. నాకు 26 ఏళ్లు, హైదరాబాదులో ఉద్యోగం. ఆడవారి మీదా మగవారి మీదా కూడా ఇష్టం కలుగుతుంది. రెండు నెలల కిందట ఒకతనితో కండోము లేకుండా కలిశాను. ఇంట్లో మా మావయ్య కూతురితో పెళ్లి మాటలు నడుస్తున్నాయి. జిల్లా ఆసుపత్రిలో పరీక్షకు వెళదామంటే మా చిన్నాన్న కొడుకు అక్కడే పనిచేస్తాడు. పెళ్లయితే ఇవన్నీ సర్దుకుంటాయని స్నేహితులంటున్నారు.

జవాబు: బాబూ, మొదట పరీక్ష. మీ జిల్లాలోనే చేయించుకోవాలన్న నియమం ఏమీ లేదు. దేశంలో ఏ ఐసీటీసీలోనైనా ఉచితంగా చేస్తారు, హైదరాబాదులోనే వెళ్లండి. ఎక్కడ ఉందో తెలియకపోతే 1097కు ఫోను చేస్తే చెబుతారు, కాల్ ఉచితం. లోపల జరిగేది ఇంతే: కౌన్సెలర్ ఒంటరిగా కూర్చోబెట్టి మాట్లాడతారు, మీ అంగీకారం తీసుకుంటారు, కాస్త రక్తం తీస్తారు. మొదటి పరీక్షలో అనుమానం కనబడితే వేరే రకం కిట్లతో మరో రెండుసార్లు చూసిగాని పాజిటివ్ అని చెప్పరు. ఇప్పుడు నెగటివ్ వచ్చినా, ఆ కలయిక జరిగిన మూడు నెలలకు మళ్లీ చేయించుకోండి; ఆ లోపు కండోము లేకుండా ఎవరితోనూ వద్దు. సిఫిలిస్ పరీక్ష కూడా అడగండి.

పేరు బయటపడుతుందన్న భయం గురించి. 2017లో చేసిన హెచ్‌ఐవి, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. మీ అంగీకారం లేకుండా పరీక్ష చేయకూడదని, ఫలితాన్ని బయట చెప్పకూడదని, హెచ్‌ఐవి ఉందని ఉద్యోగంలో, ఆసుపత్రిలో, చదువులో వివక్ష చూపకూడదని అది చెబుతుంది. చట్టం ఉన్నంత మాత్రాన వరండాలో గుసగుసలు ఆగవని నాకూ తెలుసు. కాబట్టే ఊరికి దూరంగా చేయించుకోమంటున్నాను. అదే నెలలో, 2018 సెప్టెంబరు 6న, ఇష్టపడిన పెద్దవారి మధ్య స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. డాక్టరుకు నిజం చెప్పడానికి ఇప్పుడు మీకు చట్టం భయం లేదు.

ఇక పెళ్లి. దాంతో సర్దుకుంటుందన్న మాట మీ స్నేహితులు ఎక్కడ విన్నారో గానీ, దానివల్ల ఇద్దరి జీవితాలు చెడటం చూశాను, ఒకరిది బాగుపడటం చూడలేదు. ఇష్టం ఎవరి మీద కలుగుతుందన్నది జబ్బు కాదు. దాన్ని మందులతో మారుస్తామని చెప్పే వైద్యాన్ని జాతీయ వైద్య కమిషన్ 2022లో వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. మీకు ఆడవారి మీదా ఇష్టం ఉందంటున్నారు, కాబట్టి పెళ్లి చేసుకోవద్దని నేను చెప్పను. రెండో రిపోర్టు వచ్చేదాకా మాటలు ముందుకు సాగనివ్వకండి. ‘ఉద్యోగం స్థిరపడనీయండి’ అంటే మావయ్య గారు కాదనరు. పాజిటివ్ వస్తే ఆ అమ్మాయికి తాళి కట్టకముందే తెలియాలి, ఇందులో బేరం లేదు. నెగటివ్ వచ్చినా, ఆమె తన జీవితం పెడుతున్నది ఎలాంటి సంసారంలోనో తెలుసుకునే హక్కు ఆమెకు ఉందన్నది నా అభిప్రాయం. మావయ్య కూతురని, చిన్నప్పటి నుంచి ఎరిగిన పిల్లేనని ఆ హక్కు తగ్గదు, నిజానికి పెరుగుతుంది.

ఒకవేళ పాజిటివ్ అయినా పెళ్లి, పిల్లలు అనే దారి మూసుకుపోదు. మందులతో వైరల్ లోడ్ పరీక్షకు అందనంతగా తగ్గి, అలాగే నిలిచి ఉంటే శృంగారం ద్వారా ఎదుటివారికి సోకదు. యూరప్‌లో 782 గే జంటలను గమనించిన పార్ట్‌నర్-2 అధ్యయనం 2019లో వెలువడింది. ఒకరు పాజిటివ్‌గా ఉండి మందు వాడుతున్న ఆ జంటల్లో, కండోము లేకపోయినా, ఒక్కరికి కూడా భాగస్వామి నుంచి సోకలేదు.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా మేనల్లుడు, రోజూ ఒక మాత్ర వేసుకుంటే హెచ్‌ఐవి రాదంటున్నాడు. నిజమేనా? అదే ఉంటే అక్కడ నల్లవాళ్లకు ఇంకా ఎందుకు వస్తోంది?
— ఒక పాఠకురాలు, రాజాం

జవాబు: నిజమేనమ్మా. దాన్ని ప్రెప్ అంటారు. అమెరికా 2012లో మొదటి మాత్రకు అనుమతి ఇచ్చింది. రోజూ తప్పకుండా వేసుకుంటే శృంగారం ద్వారా సోకే ప్రమాదం సుమారు 99 శాతం తగ్గుతుంది. ఆరు నెలలకోసారి ఇచ్చే లెనకపవిర్ ఇంజెక్షన్‌కు కూడా 2025 జూన్‌లో అక్కడ అనుమతి వచ్చింది. మీ రెండో ప్రశ్న చాలా పదునైనది. ఆ దేశ జనాభాలో నల్లజాతివారు 100లో 12, 13 మంది; కొత్తగా హెచ్‌ఐవి నిర్ధారణ అవుతున్నవారిలో మాత్రం ఇంచుమించు 40 మంది వారే. ప్రెప్ వాడేవారిలో వారి వాటా అందులో సగం కూడా లేదు. కేసులు ఎక్కువగా ఉన్న దక్షిణాది రాష్ట్రాల్లో జార్జియా, మిసిసిపి, అలబామా వంటివి పేదల ఆరోగ్య బీమాను విస్తరించడానికి ఒప్పుకోలేదు. మాత్ర మందుల షాపులో ఉంది, షాపు దాకా వెళ్లే దారి లేదు. ఆ దారి వేసే పనినే నల్లజాతి సంఘాలు నెత్తికెత్తుకున్నాయి.

మన దగ్గర అవే మందుల జనరిక్ మాత్రలు డాక్టరు చీటీ మీద దొరుకుతాయి. మొదలుపెట్టే ముందు హెచ్‌ఐవి నెగటివ్ అని తేలాలి, మూత్రపిండాల పనితీరు, హెపటైటిస్ బి చూడాలి. తరువాత మూడు నెలలకోసారి పరీక్ష ఉండాలి. సిఫిలిస్, గనేరియాలను అది ఆపదు. ఇప్పటికే ప్రమాదం జరిగిపోయిందనుకుంటే దారి వేరు: 72 గంటల లోపు, ఎంత తొందరగా అయితే అంత మంచిది, పెద్దాసుపత్రికి వెళ్లి, సోకకుండా ఆపే పెప్ అనే మందులు అడగాలి, 28 రోజులు వాడాలి.

ప్రశ్న: నేను ఎచ్చెర్ల వైపు మత్స్యకారుణ్ణి. ఏటా నెలల తరబడి గుజరాత్‌లోని వేరావల్ వెళ్లి బోట్ల మీద పనిచేస్తాను. పెళ్లయింది. బోటులో తోటివాడితో సంబంధం ఉంది. పోయినేడాది పాజిటివ్ అని తెలిసి శ్రీకాకుళంలో మందు తీసుకుంటున్నాను. వేటకు వెళితే మందు ఆగిపోతుందని ఈ ఏడు వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. మా ఆవిడకు చెప్పలేదు.

జవాబు: అన్నా, వేటకు వెళ్లండి, మందు మాత్రం ఆపకండి. బయలుదేరే పదిహేను రోజుల ముందే మీ ఏఆర్‌టీ కేంద్రంలో చెప్పండి. ఆరోగ్యం నిలకడగా ఉన్నవారికి ఒకేసారి రెండు, మూడు నెలల మందు ఇచ్చే పద్ధతి ఉంది. అంతకు మించి ఉండాల్సి వస్తే గుజరాత్‌లోని కేంద్రానికి బదిలీ రాసిస్తారు, తిరిగొచ్చాక మళ్లీ ఇక్కడికి మార్చుకోవచ్చు. మందుల పుస్తకం ఫొటో ఫోనులో ఉంచుకోండి. బోటులో ఉప్పుగాలికి, తడికి మాత్రలు పాడవకుండా సీసాను మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, మీ బట్టల సంచిలో అడుగున ఉంచండి. వల లాగే వేళలు రోజుకో రకంగా ఉంటాయి కాబట్టి, మాత్రను గడియారానికి కాకుండా రోజూ తప్పని ఒక పనికి, అంటే రాత్రి అన్నానికో పొద్దుటి టీకో ముడిపెట్టుకోండి.

మీ ఆవిడ సంగతి ఇంతకన్నా తొందరైనది. మీరు వెళ్లేలోపు ఆమెకు పరీక్ష జరగాలి. చట్టం ప్రకారం ఇతరులకు సోకకుండా జాగ్రత్త పడే బాధ్యత మీ మీద ఉంది. మీరు చెప్పరని తేలితే, మీకు ముందుగా తెలియజేసి, డాక్టరు గానీ కౌన్సెలర్ గానీ ఆమెకు చెప్పడానికి కూడా చట్టం వీలిస్తుంది. అంతదాకా రానివ్వకండి. ఆమెను వెంటబెట్టుకుని కేంద్రానికి రండి. ఒంటరిగా చెప్పలేకపోతే కౌన్సెలర్ గదిలో, ఆయన పక్కనుండగా చెప్పండి. ఆమెకు తెలియాల్సింది మీకు హెచ్‌ఐవి ఉందన్నది. ఎవరి వల్ల వచ్చిందన్నది కౌన్సెలర్ మీ చేత చెప్పించరు. బోటులోని మీ స్నేహితుడికి కూడా ఈ కబురు మీ నోటే అందాలి. వేరావల్ దిగాక పరీక్ష చేయించుకుంటాలే అని వాయిదా వేయకుండా, ఇక్కడ బండి ఎక్కకముందే అతన్ని ఐసీటీసీకి తీసుకువెళ్లండి.